శరణదీపిక పదిహేనేళ్ళు

రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆయన వంటింటి గడప అవతల నిలబడి, ఈ మార్గశిర ఏకాదశికి మన పత్రికకు పదిహేనేళ్ళు నిండుతాయనీ, ప్రత్యేక సంచికలో పత్రిక చరిత్ర నాలుగు పేజీలు పడాలనీ చెప్పి, "శుక్రవారానికల్లా కొంచెం ఎత్తి రాసిపెట్టు" అన్నారు.

ఎత్తి రాయడమంటే ఒకరు రాసినదాన్ని చూసి ఇంకొకరు శుభ్రంగా మళ్ళీ రాయడం. మరి ఆ మొదట రాసినవారెవరు? పదిహేనేళ్ళుగా మా ఇంట్లో ఈ మాట ఇలాగే నడుస్తోంది. సంపాదకీయం ఎత్తి రాయి, సభలో మాట్లాడింది ఎత్తి రాయి, ధనుర్మాసం గురించి ఏదైనా ఎత్తి రాయి. ఆయన ఇచ్చేది ఒక ముక్క. ఒక్కోసారి అదీ ఉండదు, కండువా సర్దుకుంటూ "వినయం మీద ఏదైనా" అని వీధిలోకి వెళ్ళిపోతారు. నేను పొయ్యి మీద పప్పు ఉడికేలోగా వినయం మీద రెండు పేజీలు రాస్తాను. అచ్చులో కింద ఆయన పేరే, సంపాదకులు శఠగోపం అని ఉంటుంది. ఎవరైనా ఇంటికి వచ్చి మెచ్చుకుంటే ఆయన మొహమాటంగా నవ్వి, లోపలికి చెయ్యి చూపి, "మా ఇంట్లోవాళ్ళ చేతిరాత బాగుంటుంది" అంటారు. చేతిరాత బాగుండే మాట నిజమే. పుత్తూరు బడిలో అయ్యవారుగా ఉన్న మా నాయన వేళ్ళ మీద బెత్తంతో కొట్టి దిద్దించిన రాత అది. కానీ పదిహేనేళ్ళు జనం కళ్ళ నీళ్ళు పెట్టుకుని చదివింది నా అక్షరాల గుండ్రదనాన్ని కాదు కదా, అవి ప్రెస్సులో సీసపు అచ్చుల్లోకి పోయాక ఇక నా చేతిరాత ఎవరికి కనబడుతుంది?

ఆయన చెడ్డవారు కారు. అది కూడా చెప్పాలి, లేకపోతే తప్పవుతుంది. ఇన్నేళ్ళలో నా మీద చెయ్యి ఎత్తలేదు. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర కలిసినప్పుడు, నీకేమమ్మా పెరుందేవీ, పెట్టి పుట్టినావు అంటారు. దెబ్బలు తినకపోవడం కూడా మా వైపు ఒక భాగ్యం కింద లెక్క.

ఆ రోజు కూడా గడప దగ్గర నుంచి పోతూ పోతూ ఆగి, చరిత్ర చివర్లో సాయం చేసినవాళ్ళ పేర్లు వేస్తాము గనక అందులో నా పేరు కూడా వేసుకోమన్నారు. కాగితాల వర్తకుడి తర్వాత, పోస్టుమాస్టరుకు ముందు. ఎక్కడ వెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారు పాపం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేట దులిపి, సరేనండి అన్నాను.

శరణదీపిక మా శరణాగత సమాజం పత్రిక. సమాజాన్ని పెట్టిన స్వామివారు చంద్రగిరి దారిలో ఆశ్రమం కట్టుకున్న ఏడాది, అంటే ముప్పై ఒకటిలో, ఎనిమిది పేజీలతో మొదలైంది. శరణన్నవాడికి కులం లేదు, ఆడా మగా భేదం లేదు, చదువు అక్కర్లేదు అని స్వామివారు చెప్పేవారు. వినడానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. చదువు అక్కర్లేని జనానికి పత్రిక ఎందుకంటే, అది చదువుకునేది కాదు, వినేది. నెలకొకసారి ఏకాదశినాటి సాయంత్రం ఊరూరా సభ కూడుతుంది. ముందు మగవాళ్ళు, చాప తెర కట్టి వెనక ఆడవాళ్ళు. పత్రిక కట్టను పెరుమాళ్ళ పటం ముందు పెట్టి, ఆరగింపు అయ్యాకే దారం తెంపాలి. అంతకుముందు ఎవరూ విప్పి చూడకూడదు, సంపాదకులైనా సరే. దారం తెంపి ఆ ఊరి కార్యదర్శి మొదటి పేజీ నుంచి చివరిదాకా పైకి చదువుతాడు. అలా సభలో చదివిన మాట స్వామివారు తన నోటితో చెప్పిన మాటే. దానికి ఎదురు చెప్పినవాడు సమాజంలో ఉండడు. ఇవి స్వామివారు మొదటి ఏడే పెట్టిన కట్టుబాట్లు, నేటికీ తు.చ. తప్పకుండా జరుగుతున్నాయి.

ముప్పై ఎనిమిదిలో స్వామివారు మౌనం పట్టారు. అప్పటినుంచి ఒక్క మాట లేదు, రాత లేదు. జనం ఊరుకుంటారా? కష్టం వచ్చిందని ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ ఉత్తరాలకు జవాబులు వేయడానికి 'సందేహ నివృత్తి' అని ఒక శీర్షిక పెట్టారు మా ఆయన. స్వామి మనసులో ఉన్న మాటే మనం రాస్తాము అనేవారు. ఆ 'మనం'లో కలం పట్టుకున్నది నేను. యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క పత్రిక నాలుగు పేజీలకు కుంచించుకుపోయినప్పుడు కూడా ఆ శీర్షిక మాత్రం ఆపలేదు, ఎందుకంటే జనం వచ్చి కూర్చునేదే దానికోసం. ఒక ఆడది చీకటి వంటింట్లో కూర్చుని స్వామివారిలాగా రాస్తుంటే, ముప్పై ఊళ్ళలో మగవాళ్ళు చేతులు కట్టుకుని వింటున్నారన్న సంగతి తలచుకుంటే మొదట్లో నాకు భలే నవ్వు వచ్చేది. తర్వాత ఆ నవ్వు పోయింది.

ఎప్పుడు పోయిందో చెబుతాను. నలభై మూడులో వడమాలపేట నుంచి దేవకమ్మ అనే ఆమె ఉత్తరం రాయించింది. భర్త కొడుతున్నాడనీ, అన్న సుబ్బన్న వచ్చి తీసుకుపోతానంటున్నాడనీ, మొగుణ్ణి వదిలి గడప దాటితే పాపమా అనీ అడిగింది. వెళ్ళమ్మా, మీ అన్న ఇంట్లోనూ పెరుమాళ్ళు ఉన్నాడు అని రాశాను. ఆయన చదివి, పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, సమాజం పత్రిక సంసారాలు నిలబెట్టడానికి గానీ కూల్చడానికి కాదన్నారు. ఓర్పు గురించి రాయమన్నారు. రాశాను. భర్త కోపం పెరుమాళ్ళు పెట్టే పరీక్ష అనీ, ఓర్పే శరణాగతికి తొలిమెట్టు అనీ రాసి, చివర 'గడప దాటవద్దు' అని ముగించాను. ఓర్పు అన్నది ఆయన మాట. గడప దాటవద్దు అన్నది మాత్రం ఆయన చెప్పలేదు. పేరా బాగా ముగుస్తుందని నేనే వేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలకు సుబ్బన్న మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ పత్రిక పేజీ ఉంది, గోడకు అంటించి ఉన్నదాన్ని పీకి తెచ్చాడు, వెనకంతా సున్నం పెళ్ళలు. దేవకమ్మ బావిలో దొరికిందట. తనే పడిందో ఎవరైనా తోశారో ఎవరూ తేల్చలేదు. ఈ జవాబు రాసిన సామిని ఒకసారి చూడాలన్నాడు. స్వామివారు మౌనంలో ఉన్నారని మా ఆయన మెల్లగా చెప్పి, తీర్థం ఇవ్వబోయారు. సుబ్బన్న చెయ్యి చాపలేదు.

"అయితే ఆయనకు సెప్పండి సామీ. మా సెల్లెలు ఆయన సెప్పినట్టే ఉన్నింది అని" అన్నాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి నేను రాశానని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా అత్తగారు వకుళాదేవమ్మ మాత్రం లేచి వెళ్ళి అతనికి మజ్జిగ ఇచ్చింది. ఆ రాత నా తలలోంచి పోలేదు. వంట చేస్తుంటే, దీపానికి వత్తులు చేస్తుంటే, గడప తుడిచి ముగ్గు పెడుతుంటే, గడప దాటవద్దు అన్న ఆ రెండు మాటలే. ఇంతమంది నన్ను నీకేమమ్మా అంటుంటే నాలో నేను, నాకేమి, నాది చేతిరాత మాత్రమే కదా అని చెప్పుకునేదాన్ని. ఆ సాకు కూడా ఎన్నాళ్ళో నిలబడలేదు.

ఇప్పుడు చరిత్ర రాయమన్న రోజే ఆ నెల ఉత్తరాల కట్ట కూడా వచ్చింది. అందులో కాణిపాకం దగ్గరి పల్లె నుంచి ఒకటి. అలివేలమ్మ చెబుతుంటే బడి పంతులుగారి భార్య రాసిపెట్టిన ఉత్తరం. అలివేలమ్మకు నాలుగో నెల. ఇంతకుముందు రెండు కాన్పులూ ఆరో నెల దాటలేదు, రెండుసార్లూ మొగుడు కడుపులో తన్నినందువల్లే పోయాయి. పోయిన నెల కుడి చెయ్యి విరిచాడు. వాళ్ళ అన్న చిన్నబ్బ తడ అనే ఊళ్ళో ఉంటాడు, ఏకాదశికి వస్తున్నాడు, తీసుకుపోతానంటున్నాడు. పెద్దలు ఒప్పుకోరు, మొగుడు వదలడు. ఆ మొగుడు ఎవరనుకున్నారు, ఆ పల్లెలో మా సమాజం కార్యదర్శి వరదయ్య. ఏకాదశి సభలో పత్రిక పైకి చదివేవాడు అతనే. ఉత్తరం చివర ఇలా ఉంది. ఇంటికి జాబు రాయవద్దు, ఆయన చేతిలో పడుతుంది. పత్రికలోనే వెయ్యండి. స్వామి మాట సభలో చదివితే మా ఆయన కూడా కాదనలేడు. పొమ్మంటే ఆ పొద్దే పోతాను, ఉండమంటే ఉంటాను.

పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. ఎవరే తల్లీ నువ్వు, ఎక్కడో కూర్చుని నీ ప్రాణం, కడుపులో బిడ్డ ప్రాణం తెచ్చి నా ఒళ్ళో పెట్టావు? ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు ఉత్తరం చదివి వినిపించాను. వరదయ్య పేరు వినగానే ఆయన ముద్ద ఆపారు. వరదయ్య పెద్ద పనిమంతుడట, ఆ వైపు నలభైమందిని సమాజంలోకి తెచ్చినవాడట.

"వడమాలపేట ఆమెకు రాసినావే ఓర్పు మీద, అదే మాదిరి రాయి. ఆ జవాబు చాలా బాగుండింది" అన్నారు.

"ఆమె చచ్చిపోయింది కదండీ."

"అది ఆమె కర్మ. నేననేది జవాబు సంగతి." చారు పొయ్యమని విస్తరి వైపు చూపించారు.

చారు పోశాను. ఈయనకు కోపం లేదు, కసి లేదు, చచ్చిపోయినామె మీద అసహ్యం కూడా లేదు. ఆయనకు దేవకమ్మ అన్నది పత్రికలో ఒక మంచి పేరా. ఆ పేరా నేను రాసిపెట్టానే అన్నది నా బాధ. వరదయ్య మీద వచ్చిన కోపం కంటే ఆ మాట మీద వచ్చిన కోపం ఎక్కువ. పళ్ళు కొరుక్కుంటూ ఆ మధ్యాహ్నమంతా చింతపండు పిక్కలు తీశాను. చింతపండు అయిపోయాక కూడా లేవలేదు.

వడమాలపేట జవాబు తర్వాత నుంచి ఆయన సందేహ నివృత్తి కాగితాలు చూడకుండా ప్రెస్సుకు పంపరు. అయితే నెలలో మూడు రోజులు మాత్రం చూడలేరు. ఆ మూడు రోజులు నేను బయట కూర్చునే రోజులు. పెరట్లో కట్టెల కొట్టం పక్కన ఒక చావడి ఉంది, అక్కడ చాప, చెంబు, దుప్పటి. వంట ఉండదు, మడి ఉండదు, ఎవరూ పిలవరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పత్రికలో సగం ఆ మూడు రోజుల్లోనే రాశాను, ఎందుకంటే నాకు తీరికగా ఉండే రోజులు అవే. కానీ మైలలో ఉన్నదాని చేతి కాగితం ఆయన ముట్టుకోకూడదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆయన బావి గట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చుంటారు, నేను చావడిలోంచి పైకి చదువుతాను, సరే అంటారు. తర్వాత వెనక సందులోంచి ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటరు ప్రేమానందం వచ్చి నా చేతిలోంచే కాగితాలు తీసుకుపోతాడు. అతను మిషనరీల ప్రెస్సులో పని నేర్చుకున్న కిరస్తానీ, అతనికి మన మైలతో పని లేదు అన్నారు. అక్షరాలు సీసంలోకి ఎక్కితే మైల పోతుంది, లోహానికి అంటు లేదు అన్నారు. ప్రూఫులు చూడటం కళ్ళకు శ్రమ అని అవీ నాకే వదిలారు. బహిష్టు స్త్రీ పుస్తకం ముట్టరాదు అని ముప్పై తొమ్మిదిలో ఒక పెద్ద వ్యాసం వేశాము, చాలామంది మెచ్చుకున్నారు. అది నేను చావడిలో రెండో రోజు కూర్చుని రాసిందే.

ఆ చావడి నాకు గుర్తొచ్చింది. ఆలోచన వచ్చిన వెంటనే భయం కూడా వచ్చింది. నా రోజులకు ఇంకా పది రోజులు ఉంది, ప్రెస్సుకు ఇవ్వాల్సింది మూడు రోజుల్లో. ఈ విషయంలో నేను ఎన్నడూ అబద్ధం ఆడలేదు. ఆడితే ఇంట్లో మడి అంతా మంట గలుస్తుందని, పెరుమాళ్ళ ఆరగింపు చెడుతుందని చిన్ననాడే మా అమ్మ చెప్పింది. ఆయనకు నా రోజుల లెక్క తెలియదు గానీ, అత్తగారికి వేళ్ళ మీద ఉంటుంది. పెళ్ళయి పదిహేడేళ్ళయినా నాకు బిడ్డల్లేరు. ఒక రోజు ఆలస్యమైతే చాలు, ఆమె ముఖం వెలిగేది. బయట కూర్చున్నానని చెప్పగానే మళ్ళీ మసకబారేది. నా మీద ఆమె విసుక్కున్నదీ ఎక్కువే, గొడ్డుమోతు అన్న మాట కూడా రెండుసార్లు విన్నాను.

మరునాడు తెల్లవారి లేచి వంటింట్లోకి పోకుండా పెరటి మెట్ల మీద నిలబడి, అత్తయ్యా, నేను బయట ఉన్నాను అన్నాను. ఆమె తులసికి నీళ్ళు పోస్తోంది. చెంబు ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఇంకా పది దినాలు ఉండాదే."

నేను మెట్ల మీదే నిలబడ్డాను. ఆమె ఎంతసేపు చూసిందో. చివరకు మిగిలిన నీళ్ళు తులసి మొదట్లో పోసి, "ఒంట్లో వేడి చేసింటుందిలే" అని, లోపలికి పోయి చాపా దుప్పటీ తెచ్చి దూరంగా పెట్టింది. కొంతసేపటికి కాగితాలు, సిరాబుడ్డి కూడా తెచ్చి పెట్టింది. నేను వాటిని అడగలేదు.

రెండు రోజులు రాశాను. మొదట చరిత్ర రాశాను. చంద్రగిరి దారి ఆశ్రమం, మొదటి సంచిక, తొక్కుడు అచ్చు మిషను కొన్న రోజు, కాగితం కరువు, స్వామివారి మౌనం, అన్నీ ఒక వరసలో పెట్టాను. సందేహ నివృత్తి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఆ మూడు రోజులు ఆయన నా కాగితం ముట్టరు, నేను ఏం రాసినా సీసంలోకి పోతుంది. అలివేలమ్మకు జవాబు ఎలా పోతుందో నా పేరు కూడా అలాగే పోతుంది. రాశాను. 'ఈ శీర్షికను మొదటినుంచి నేటివరకు రాస్తున్నది శ్రీమతి పెరుందేవి.' ఆ వాక్యాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పదిహేనేళ్ళలో నా పేరు నేను కాగితం మీద రాసుకున్నది అదే మొదటిసారి. పోస్టుమాస్టరుకు ముందు కాదు, వర్తకుడి తర్వాత కాదు, పని చేసినచోట పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ వేళ నాకు ఏడుపు రాలేదు, గర్వం వచ్చింది.

తర్వాత అలివేలమ్మకు జవాబు రాశాను. పేరూ ఊరూ వెయ్యకుండా 'ఒక శరణాగత సోదరి' అని ప్రశ్న పెట్టి, కింద ఇలా రాశాను. 'కడుపులో బిడ్డ పెరుమాళ్ళు నీ దగ్గర దాచిపెట్టినవాడు. ఆ బిడ్డను, నిన్ను కాపాడుకోవడమే నీ శరణాగతి. ఈ మాట విన్న క్షణాన లేచి మీ అన్నతో పుట్టింటికి వెళ్ళు. నీకు అడ్డు వచ్చినవాడు ఎంతటివాడైనా శరణాగతుడు కాడు.' ఒక్క కొట్టివేత కూడా లేకుండా వచ్చింది. రాసి పక్కన పెట్టి, నీళ్ళు తాగి, మళ్ళీ రెండు కాగితాలూ తీసి చదువుకున్నాను. అప్పుడు అర్థమైంది నా తెలివితక్కువ.

ఒకే సంచికలో రెండూ పడతాయి. చరిత్ర ముందు పేజీల్లో, జవాబు వెనక పేజీల్లో. వరదయ్య వరసగా చదువుతాడు. ఈ శీర్షిక రాసేది సంపాదకుడి పెళ్ళాం అని ముందే చదివాక, వెనక వచ్చే జవాబు స్వామి మాట ఎలా అవుతుంది? ఎవరో ఆడది రాసిందట, దానికీ మనకీ ఏమి అని పత్రిక మూసేస్తాడు. చాప వెనక అలివేలమ్మ విరిగిన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంటుంది. పెరుందేవి పొమ్మంటే ఆమె గడప దాటలేదు. స్వామివారు పొమ్మంటేనే దాటగలదు. పదిహేనేళ్ళ పని మీద ఒక్క పేరు పెట్టుకుందామంటే, ఆ పేరు తగిలి ఇంకొక ఆడది చచ్చే లోకం ఇది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. చావడి గోడకు తల ఆనించి, ఈసారి ఏడ్చాను. ఏడ్చి, నా పేరున్న వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పైన 'ఈ శీర్షికలోని ప్రతి అక్షరం స్వామివారి అనుగ్రహం' అని రాశాను. ఆయన గీసే గీతకంటే నా గీత గట్టిగా పడింది, కాగితం చిరిగింది.

సాయంత్రం ఆయన వచ్చి బావి గట్టు మీద కూర్చున్నారు. చరిత్ర చదివాను, తల ఊపారు. మన పేర్లు ఎక్కడా పెట్టుకోలేదు, అదే వినయం అని మెచ్చుకున్నారు. తర్వాత జవాబు. కాగితం మీద వెళ్ళు అని ఉంది. నేను దాన్ని చేత్తో పట్టుకుని, కళ్ళు దాని మీదే పెట్టి, భర్త కోపం పెరుమాళ్ళు పెట్టే పరీక్ష, ఓర్పే శరణాగతికి తొలిమెట్టు అని మూడేళ్ళ కిందటిది మొదలుపెట్టాను. చూసి చదవాల్సిన పని లేదు, నా ప్రాణం ఉన్నంతకాలం అది మరిచిపోను. గడప దాటవద్దు అన్నచోట ఆగాను. దగ్గినట్టు చేసి అదీ అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే సరే అన్నారు.

ప్రేమానందం సందు తలుపు దగ్గర ఎప్పుడొచ్చి నిలుచున్నాడో చూడలేదు. ఆయన లోపలికి వెళ్ళాక కాగితాలు అందుకుని, వెంటనే పోకుండా అక్కడే నిలబడి చదివాడు. పన్నెండేళ్ళుగా నా రాత కూర్చినవాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"అయ్యగారికి సదివింది ఇది కాదు గదమ్మా" అన్నాడు.

కాదన్నాను. నీ పని పోవచ్చు ప్రేమానందం అని కూడా అన్నాను, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేకపోయింది. అతను కాగితాలు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "నేను సెవులతో కంపోజు సేసేవాణ్ణి కాదమ్మా. కాగితంలో ఏముంటే అదే" అని వెళ్ళిపోయాడు. మరునాడే ప్రూఫు తెచ్చాడు. ఒక్క తప్పు లేదు. నాలుగో రోజు నేను తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చాను. రాత్రికి రాత్రే అచ్చయి కట్టలు అప్పటికే రైలెక్కాయి.

ఏకాదశి సాయంత్రం మా సభలో ఆయనే దారం తెంపారు. చరిత్ర చదువుతున్నంతసేపూ ఆయన గొంతు నిండుగా ఉంది. నేను చాప వెనక, అత్తగారి పక్కన. సందేహ నివృత్తి మొదటి ప్రశ్న అయింది, రెండోది అయింది. మూడోది ఒక శరణాగత సోదరి. ప్రశ్న గడగడా చదివేశారు. జవాబు మొదటి వాక్యం చదివి ఆగారు. సభ అంతా ఎదురు చూస్తోంది. చదవకుండా తిప్పేస్తే స్వామి మాట మింగేసినట్టు. మార్చి చదువుదామంటే ముందు వరసలో పదిమంది చేతుల్లో పత్రికలున్నాయి. ఆయన చదివారు. ఒక్కొక్క మాట నోట్లోంచి పీకి తీసినట్టు, లేచి మీ అన్నతో పుట్టింటికి వెళ్ళు అని నూరుమంది ముందు చదివారు. చాప వెనక ఒక్కరు కదలలేదు. ఎంతమందికి తగిలిందో ఆ మాట. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. ఆ ఘడియలోనే కాణిపాకం దగ్గర వరదయ్య కూడా ఇదే చదువుతుంటాడని తలచుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నారు, బయటికి పోయారు, వచ్చారు. అయిదో రోజు వరదయ్య ఉత్తరం వచ్చింది. తను చదువుతుండగానే భార్య చాప వెనక నుంచి లేచి, అందరూ చూస్తుండగా, అన్నతో నడిచి పోయిందట. తను అడ్డంగా పోతే, స్వామి మాట వినలేదా అని సభలోవాళ్ళే తన చేతులు పట్టుకున్నారట. ఇది నిజంగా స్వామివారి మాటేనా, వేరే ఎవరైనా రాసినారా, ఒక్క ముక్క రాసి పంపండి, రేపే తడకు నలుగురిని తీసుకుపోయి లాక్కొస్తాను అని రాశాడు.

ఆయన ఆ ఉత్తరం పట్టుకుని, బట్టలు ఆరేస్తున్న నా దగ్గరికి వచ్చారు. నేను అరుస్తారనుకున్నాను. అరవలేదు. చాలా మెత్తగా, ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడారు. ఇన్నేళ్ళూ పత్రిక రాసింది నేనేనని తనకు తెలుసునట. లోకానికి చెప్పకపోవడం తన తప్పేనట. వచ్చే సంచికలో నా పేరు వేస్తారట, సహాయకుల్లో కాదు, సందేహ నివృత్తి కిందే, పెద్ద అక్షరాల్లో.

"సభలో చదివిన మాటను నా అంతట నేను కాదనలేను. నువ్వే రాసినావని నీ నోటితో ఒక్కసారి అను పెరుందేవీ. వరదయ్యకు అదే రాసి పంపుతాను, ఈ గొడవ తీరిపోతుంది."

పదిహేనేళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. ఎట్లాగైనా ఒకరోజు వస్తుందని, వంటింట్లోనూ చావడిలోనూ ఎన్నిసార్లు ఊహించుకున్నానో. తీరా వచ్చిన రోజు, ఆ మాటకు నేను అవునంటే, తడలో ఎవరి ఇంటి తలుపు విరుగుతుందో నాకు తెలుసు. తడి చీర పిండాను. నీళ్ళన్నీ పోయేదాకా పిండి, దండెం మీద వేసి, ఆయన వైపు తిరిగాను.

"నేను రాయలేదండీ" అన్నాను. "స్వామివారు రాసినారు."